గడ్డకట్టే చలి: వెచ్చగా అనిపించేవన్నీ వెచ్చబెట్టవు (అపోహలు - వాస్తవాలు)

ఉష్ణోగ్రత సున్నాకు బాగా దిగువకు పోయాక ఒంటి మాటను పూర్తిగా నమ్మడానికి లేదు. చర్మంలోని నరాలు చెప్పేది చర్మం వేడి గురించే. గుండె దగ్గర, మెదడు దగ్గర వేడి ఎంత మిగిలిందో వాటికి తెలియదు. చలి గురించిన అపోహల్లో చాలావాటికి మూలం ఇక్కడే ఉంది: వెచ్చగా అనిపించడాన్నీ, ఒంట్లో వేడి ఉండటాన్నీ ఒకటే అనుకోవడం. మైనస్ 10, మైనస్ 20, ఇంకా కింద పనిచేసేవాళ్ల దగ్గర, అలాంటి చోట్లకు కొత్తగా వెళ్లేవాళ్ల దగ్గర ఎక్కువగా వినపడే మాటలనే ఇక్కడ తీసుకున్నాం.

అపోహ: ఒక పెగ్గు పడితే ఒళ్లు వెచ్చబడుతుంది.

వాస్తవం: వెచ్చబడినట్టు ఉంటుంది, అంతే. చలి తగలగానే ఒళ్లు చర్మంలోని రక్తనాళాలను ముడిచేసి, వేడి రక్తాన్ని లోపలి అవయవాల కోసం దాచుకుంటుంది. మద్యం ఆ నాళాలను మళ్లీ తెరుస్తుంది. లోపలి వేడి చర్మం దాకా వచ్చి, బుగ్గలు వెచ్చబడి, అక్కడినుంచి గాల్లో కలిసిపోతుంది. వణుకు కూడా తగ్గుతుంది. వణుకంటే కండరాలు వేడి పుట్టించడమే కాబట్టి అదీ నష్టమే. వీటన్నిటికన్నా పెద్ద ముప్పు బుద్ధి మందగించడం. గ్లౌజు తీసి ఎక్కడో పెట్టి మరిచిపోవడం, జిప్పు సగంలో వదిలేయడం, "ఇంకాసేపు ఉండొచ్చులే" అనుకోవడం అప్పుడే జరుగుతాయి. సిగరెట్టు దీనికి పూర్తిగా వ్యతిరేకం: నాళాలను ఇంకా ముడుస్తుంది, దెబ్బ మొదట వేళ్ల మీద పడుతుంది.

అపోహ: ఒంటి వేడిలో సగం తలలోంచే పోతుంది.

వాస్తవం: పెద్దవాళ్లలో తల వాటా ఒంటి చర్మంలో దాదాపు పదో వంతు. వేడి పోయేది కూడా ఇంచుమించు ఆ లెక్కనే. మిగతా ఒళ్లంతా కప్పి తల ఒక్కటే వదిలేస్తే అక్కడినుంచి ఎక్కువ పోతుంది, చేయి వదిలేసినా అంతే. పసిపిల్లల సంగతి వేరు, ఒంటితో పోలిస్తే వాళ్ల తల పెద్దది. టోపీ మాత్రం అందరికీ కావాలి, చెవులు మూసేదే కావాలి. ముందుగా గడ్డకట్టేవి చెవి తమ్మెలు, ముక్కు కొన, బుగ్గలు, వేళ్ల చివర్లు.

అపోహ: ఎన్ని బట్టలు వేసుకుంటే అంత వెచ్చన.

వాస్తవం: బట్ట వేడి పుట్టించదు. ఒంటి వేడి ఎక్కిన గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ గాలి నలిగిపోయినా, దాని స్థానంలో తడి చేరినా బట్ట ఉండి లేనట్టే. నీరు గాలి కన్నా దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది.

మూడు పొరలు చాలు, కానీ ఒక్కోదానికి ఒక్కో పని ఉండాలి. ఒంటికి ఆనుకుని ఉన్ని గానీ పాలిస్టర్ గానీ, చెమటను బయటికి పంపడానికి. మధ్యలో ఫ్లీస్ లేదా మందపాటి ఉన్ని, గాలిని పట్టి ఉంచడానికి. పైన గాలి చొరబడని జాకెట్. నూలు బనియను వద్దే వద్దు. అది చెమటను పీల్చుకుని వదలదు, పని ఆపిన పది నిమిషాలకు వీపు మీద తడిగుడ్డ పరిచినట్టు ఉంటుంది.

ఎక్కువమంది తప్పు చేసేది వేసుకోవడంలో కాదు, తీయడంలో. మంచు తవ్వడం, బరువులు మోయడం, ఎక్కడం లాంటి పనికి ముందే ఒక పొర తీసేయాలి. బయల్దేరేటప్పుడు కాస్త చలిగా ఉంటేనే సరిగ్గా వేసుకున్నట్టు. పని ఆపగానే, చలి వేసేదాకా ఆగకుండా, తీసిన పొర మళ్లీ వేసుకోవాలి.

కాళ్ల దగ్గర ఈ అపోహ మరీ నష్టం చేస్తుంది. బూటులో రెండో జత సాక్సు ఇరికిస్తే బూటు బిగుసుకుంటుంది, రక్తం ఆడదు, వేళ్లు ఇంకా చల్లబడతాయి. లేసులు కట్టాక వేళ్లు లోపల ఆడించగలగాలి. రెండు సాక్సులు కావాలంటే ముందే ఆ లెక్కన పెద్ద సైజు బూట్లు కొనాలి. మడమ దగ్గర చెమట పట్టిన సాక్సు మధ్యాహ్నానికి మార్చాలి. రాత్రికి బూటు లోపలి అట్ట బయటికి తీసి ఆరబెట్టాలి. చాలామంది బూటునే ఆరబెట్టి అట్టను లోపలే వదిలేస్తారు, తడంతా దాంట్లోనే ఉంటుంది.

చేతులకు వేళ్లు విడివిడిగా ఉండే గ్లౌజు కన్నా నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే మిట్టెన్లు వెచ్చన. లోపల పల్చటి గ్లౌజు ఉంచుకుంటే, మిట్టెను తీయాల్సి వచ్చినా ఒట్టి వేలు లోహానికి తగలదు. మైనస్ 20లో ఒట్టి చేత్తో ఇనుము పట్టుకుంటే చర్మం అంటుకుపోతుంది. లాగితే ఊడొచ్చేది చర్మమే. అంటుకున్న చోట గోరువెచ్చని నీళ్లు పోసి విడదీయాలి.

అపోహ: విండ్ చిల్ మైనస్ 30 అంటే వస్తువులన్నీ మైనస్ 30కి చల్లబడతాయి.

వాస్తవం: విండ్ చిల్ ఒట్టి చర్మానికి వేసిన లెక్క. మైనస్ 20లో గంటకు 30 కి.మీ. గాలి వీస్తే విండ్ చిల్ మైనస్ 33 అవుతుంది. చర్మం వేడి కోల్పోయే వేగం గాలి ఆడని మైనస్ 33లో ఉన్నట్టు ఉంటుందని దాని అర్థం. కారు ఇంజిను, నీళ్ల పైపు మాత్రం మైనస్ 20 కన్నా కిందికి పోవు, అక్కడికి త్వరగా చేరతాయి, అంతే. గాలి ఎంత వీచినా ప్లస్ 2 డిగ్రీల్లో పైపులో నీళ్లు గడ్డకట్టవు. మనిషికి మాత్రం చూడాల్సింది ఈ అంకెనే: మైనస్ 28 దాటితే కప్పని చర్మం 10 నుంచి 30 నిమిషాల్లో, మైనస్ 40 దాటితే 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డకట్టగలదు.

అపోహ: మొద్దుబారిన వేళ్లను మంచుతో రుద్దాలి, లేదా చలిమంట దగ్గర కాచాలి.

వాస్తవం: రెండూ హానికరమే. ఫ్రాస్ట్‌బైట్‌లో అంటే చలికి గడ్డకట్టిన చోట, చర్మం లోపల మంచు స్ఫటికాలు ఏర్పడి ఉంటాయి. రుద్దితే అవి కణజాలాన్ని కోసేస్తాయి. మంట దగ్గర పెడితే స్పర్శ లేని వేలు కాలిపోతున్నా తెలియదు.

ముందు ఏ దశలో ఉందో చూడాలి. వేలు పాలిపోయి జివ్వుమంటూ ఉండి, నొక్కితే మెత్తగా ఉంటే అది పైపై దెబ్బే. చంకలో పెట్టుకుంటే, ముక్కు, బుగ్గల మీద వెచ్చని అరచేయి ఆనిస్తే తిరిగొస్తుంది. నొప్పి పోయి, చర్మం తెల్లగానో మైనపు రంగులోనో మారి, నొక్కితే గట్టిగా తగిలితే ఫ్రాస్ట్‌బైట్. నొప్పి తగ్గిందని ఊపిరి పీల్చుకునే సమయం కాదది.

అప్పుడు చేయాల్సింది ఇది. ఉంగరాలు తీసేయండి, తర్వాత వాపు వస్తుంది. గిన్నెలో 37 నుంచి 39 డిగ్రీల నీళ్లు పోయండి. థర్మామీటరు లేకపోతే దెబ్బ తగలని మనిషి చేయి అరనిమిషం పెట్టి చూడాలి, వెచ్చగా ఉండాలి గానీ చురుక్కుమనకూడదు. వేళ్లు గిన్నె అంచుకు తగలకుండా ముంచి, నీళ్లను మెల్లగా కదుపుతూ, చల్లారే కొద్దీ వేడినీళ్లు కలపండి. ఆ కలిపేది వేళ్ల మీద నేరుగా పడకూడదు. చర్మం ఎర్రగానో ఊదాగానో మారి మెత్తబడేసరికి దాదాపు అరగంట పడుతుంది. ఆ అరగంటలో నొప్పి విపరీతంగా ఉంటుంది. పడనివాళ్లు కాకపోతే ఇబుప్రొఫెన్ ముందే ఇవ్వడం మేలు. తర్వాత తుడవకుండా ఆరనిచ్చి, వేళ్ల మధ్య పొడి గాజుగుడ్డ పెట్టి, వదులుగా కట్టాలి. బొబ్బలు చిదమొద్దు. ఆసుపత్రికి ఆలస్యం చేయొద్దు: లోతైన దెబ్బలకు రక్తం గడ్డలను కరిగించే చికిత్స ఉంది, గడ్డకట్టిన వేలు కరిగాక 24 గంటల లోపే అది పనికొస్తుంది.

ఒక్క షరతు. మళ్లీ గడ్డకట్టే అవకాశం ఉంటే అసలు కరిగించొద్దు. ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిన వేలు దక్కడం కష్టం. గడ్డకట్టిన కాలితో నడిచి సురక్షితమైన చోటికి చేరడం అంతకన్నా తక్కువ నష్టం.

అపోహ: ముఖానికి క్రీము దట్టంగా రాస్తే ఫ్రాస్ట్‌బైట్ రాదు.

వాస్తవం: చర్మం పగలకుండా ఉంటుందేమో గానీ గడ్డకట్టకుండా ఆపదు. రాసుకున్న ధీమాతో ముఖం కప్పుకోకపోవడమే అసలు చిక్కు.

అపోహ: వణుకు ఆగిందంటే మనిషి తేరుకున్నట్టే.

వాస్తవం: వేడి చోటుకు వచ్చాక ఆగితే సరే. చలిలోనే ఆగితే ప్రాణం మీదికి వచ్చినట్టు. లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కిందికి పడితే హైపోథర్మియా. 32 దాకా వణుకు ఉంటుంది, ఆ చుట్టుపక్కల అది ఆగిపోతుంది. దానికి ముందే కనిపించే గుర్తులున్నాయి: మాట ముద్దగా రావడం, జిప్పు పట్టుకోలేకపోవడం, అడుగులు తడబడటం, ఊరికే చిరాకు. ఎవరైనా ఇలా ఉంటే "బాగానే ఉన్నా" అన్న వాళ్ల మాట వినొద్దు. మరీ ముదిరితే ఉక్కపోస్తోందంటూ బట్టలు విప్పేస్తారు. వెచ్చగా అనిపించడం ఎంత మోసమో దీన్ని మించిన ఉదాహరణ లేదు.

పడుకోబెట్టండి, కింద నేల చలి తగలకుండా చాప గానీ బ్యాగులు గానీ వేయండి. తడిబట్టలు కత్తిరించి తీసి, పొడి దుప్పట్లు, వాటిపైన ప్లాస్టిక్ షీటు చుట్టండి. వేడినీళ్ల సీసాలను గుడ్డలో చుట్టి చంకలకు, ఛాతీకి, వీపుకు ఆనించండి. కాళ్లూ చేతులూ రుద్దొద్దు, వేడినీళ్ల స్నానం వద్దు, లేపి నడిపించొద్దు. చల్లబడిన గుండె చిన్న కుదుపుకే లయ తప్పుతుంది. తెలివిగా ఉండి మింగగలిగితేనే తియ్యటి వెచ్చని పానీయం ఇవ్వండి. నాడి దొరకడం కష్టం కాబట్టి పూర్తిగా ఒక నిమిషం చూడాలి. ఒళ్లు చల్లగా, కట్టెలా ఉందని చనిపోయారని తేల్చేయొద్దు. 1999లో నార్వేలో మంచు కింద ప్రవాహంలో చిక్కుకున్న ఒక స్కీయర్ ఉష్ణోగ్రత 13.7 డిగ్రీలకు పడినా బతికారు.

అపోహ: చలికాలంలో నీళ్లు పెద్దగా అక్కర్లేదు, కావాలంటే మంచు తినొచ్చు.

వాస్తవం: దాహం తెలియదు, నష్టం మాత్రం జరుగుతుంది. పొడిగాలి ఊపిరితో నీటిని లాక్కుపోతుంది, చలికి మూత్రమూ ఎక్కువే. కిలో మంచును కరిగించి ఒంటి వేడికి తేవడానికి కనీసం 115 కిలోకేలరీలు ఖర్చవుతాయి. తిండి బాగా తిని నడుస్తున్నవాడికి అదొక లెక్క కాదు. ఆకలితో వణుకుతూ కూర్చున్నవాడు మాత్రం తినకూడదు, కరిగించే తాగాలి. నీళ్ల సీసాను తలకిందులుగా పెట్టుకుంటే గడ్డ అడుగున కడుతుంది, మూత దగ్గర నీళ్లు మిగులుతాయి.

అపోహ: మంచుగడ్డ తోసేయడం వల్ల పైపు సరిగ్గా గడ్డ ఉన్నచోటే పగులుతుంది.

వాస్తవం: నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. అయితే చాలాసార్లు పైపును పగలగొట్టేది గడ్డ నేరుగా కాదు. గడ్డకూ, మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిలో పెరిగే ఒత్తిడి. అందుకే పగులు గడ్డకు దూరంగా కనిపిస్తుంది. బయటి గోడలో వెళ్లే పైపు చివరి కుళాయిని సన్నటి ధారగా వదిలిపెట్టమనేదీ అందుకే: ఆ ఒత్తిడికి దారి దొరుకుతుంది. వేడినీళ్ల పైపు కూడా గడ్డకడుతుంది, దాన్నీ వదలాలి. సింకు కింది అర తలుపులు తెరిచి ఉంచండి. ఊరెళ్తే హీటింగు ఆపేయకుండా 13 డిగ్రీల దగ్గర ఉంచండి.

గడ్డకట్టేసిందా? ముందు ఇంటి మెయిన్ వాల్వు ఎక్కడుందో చూసుకోండి, పగులు కరిగాకే బయటపడుతుంది. కుళాయి తెరిచి, కుళాయి వైపు నుంచి గడ్డ వైపుకు హెయిర్ డ్రయర్‌తో వేడి చేస్తూ వెళ్లండి. మధ్యలో మొదలుపెడితే కరిగిన నీటికి దారి ఉండదు. మంట పెట్టే టార్చి వద్దు, ఇళ్లు తగలబడేది దానివల్లే.

అపోహ: కిటికీ కాస్త తెరిచి ఉంటే గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకోవచ్చు.

వాస్తవం: వద్దు. బొగ్గు కాలితే వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా అంటుకుంటుంది. పొగ లేని నిప్పుల నుంచీ అది వస్తుంది. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వచ్చి బయటికెళ్తే తగ్గుతుంటే జలుబు అనుకోకండి, అందరూ బయటికి రండి. జనరేటరు గ్యారేజీలో పెట్టడం కూడా ఇదే తప్పు.

అపోహ: బండి ఇంజినులో పోసే కూలెంట్ ఎంత చిక్కగా ఉంటే అంత రక్షణ.

వాస్తవం: కూలెంట్‌లో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ స్వచ్ఛంగా ఉంటే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది. సగం నీళ్లు కలిపితేనే మైనస్ 37 దాకా ఆగుతుంది. 70 శాతం దాటితే రక్షణ మళ్లీ తగ్గుతుంది. బ్యాటరీ కూడా చూసుకోవాలి: మైనస్ 18లో అది దాదాపు సగం శక్తే ఇస్తుంది, చిక్కబడిన ఆయిలుతో ఇంజిను మాత్రం ఎక్కువ అడుగుతుంది. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీ మైనస్ 10 దగ్గరే గడ్డకట్టొచ్చు. పక్కలు ఉబ్బి ఉంటే వేరే బ్యాటరీ తగిలించి జంప్ స్టార్ట్ చేయొద్దు, పేలొచ్చు. డీజిల్ బండికి గడ్డకట్టకుండా ఆపే మందు చలి రాకముందే కలపాలి, మైనం కట్టి ఫిల్టరు మూసుకున్నాక పోస్తే లాభం లేదు.

అపోహ: మంచులో బండి ఆగిపోతే దిగి నడవడమే మేలు.

వాస్తవం: ఎదురుగా కనిపించే ఇల్లుంటే తప్ప దిగొద్దు. వెతికేవాళ్లకు మనిషి కన్నా బండి త్వరగా దొరుకుతుంది. సైలెన్సరు గొట్టం చుట్టూ మంచు తవ్వి తీశాకే ఇంజిను వేయాలి, లేకపోతే పొగ లోపలికి వస్తుంది. గంటకు 10 నిమిషాలు చాలు, అప్పుడు గాలి తగలని వైపు అద్దం వేలెడంత దించాలి. మంచు కురుస్తూ ఉంటే ఇంజిను వేసిన ప్రతిసారీ ముందు గొట్టం చూసుకోవాలి. ఫోను లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. బాగా చల్లబడిపోతే కాసేపు ఒంటి వేడికి వెచ్చబడనిచ్చి అప్పుడే చార్జింగు పెట్టండి, సున్నా కింద చార్జ్ చేస్తే లిథియం బ్యాటరీ లోపల శాశ్వతంగా దెబ్బతింటుంది.