ఆర్పీ సర్వర్లలో నిబంధనల అమలు: అపోహలు, వాస్తవాలు

జీటీఏ ఫైవ్ ఆటను ఆధారంగా చేసుకుని ఫైవ్‌ఎం వేదికపై నడిచే రోల్‌ప్లే (ఆర్పీ) సర్వర్లలో అడ్మిన్‌గా ఉన్నవారికి ఆడే సమయం తక్కువ, టికెట్లు, అంటే ఆటగాళ్లు పంపే ఫిర్యాదులు, చదివే సమయం ఎక్కువ. ఈ సర్వర్లలో ప్రతి ఆటగాడూ ఒక పాత్రను సృష్టించుకుని, ఆ పాత్రగానే మాట్లాడుతూ, ఉద్యోగమో వ్యాపారమో దొంగతనమో చేసుకుంటూ, మిగతావారితో కలిసి ఒక నగరం కథను నడుపుతాడు. లాస్ శాంటోస్ అనే ఆ ఊహానగరంలో గెలుపోటములు చూపే స్కోరుబోర్డు లేదు కనుక, ఏ ఆట సరైనదో తేల్చడానికి నిబంధనలే ఆధారం. తెలుగులో నడిచే సర్వర్లకు కొత్తగా వచ్చేవారిలో చాలామంది ముందు యూట్యూబ్‌లో సీన్లు చూసి, ఆ తర్వాత నిబంధనలు చదువుతారు. కొందరు ఆ రెండో పని చేయకుండానే నగరంలో దిగుతారు. టికెట్లలో తరచుగా ఎదురయ్యే అపోహలు చాలావరకు అక్కడే పుడుతున్నాయి.

అపోహ: కారణం ఉంటే కాల్చేయవచ్చు, అది ఆర్‌డీఎం కిందికి రాదు.

వాస్తవం: ఏ కారణమూ లేకుండా చంపడాన్ని ఆర్‌డీఎం అంటారన్నది నిజమే, కానీ కారణం మీ మనసులో ఉంటే సరిపోదు. అవతలి ఆటగాడికి ఆ కారణం తెలియాలి, దానికి స్పందించడానికి కాస్త వ్యవధి దొరకాలి. మొన్న మా గ్యాంగ్ కుర్రాణ్ని కొట్టాడు కాబట్టి ఈ రోజు పెట్రోలు బంకు దగ్గర వెనకనుంచి కాల్చాను అన్న వివరణ టికెట్లలో రోజూ కనిపిస్తుంది. అందులో పగ ఉంది గానీ సీన్ లేదు. చచ్చిన ఆటగాడికి తన పాత్ర ఎందుకు చచ్చిందో కూడా తెలియకపోతే అతని వైపు కథ అక్కడే ఆగిపోతుంది.

ఇలాంటి రిపోర్టు వచ్చినప్పుడు అడ్మిన్లమైన మేము తుపాకీ పేలిన క్షణం కంటే దానికి ముందున్న రెండు నిమిషాలను ఎక్కువ శ్రద్ధగా చూస్తాం. అందుకే ముప్పై సెకన్ల క్లిప్ పంపి న్యాయం చేయమంటే చేతులు కట్టేసినట్టవుతుంది. క్లిప్‌లో వినవలసింది మాట: "చేతులు పైకెత్తు" అన్న హెచ్చరిక వినిపించిందా, వినిపించాక ఎంతసేపటికి తూటా పేలింది, ఆ ఇద్దరి మధ్య దూరం వాయిస్ వినిపించేంత దగ్గరగా ఉందా. ఆటలో మాట దూరాన్ని బట్టి వినిపిస్తుంది కనుక, వీధికి ఆ చివర నిలబడి ఇచ్చిన హెచ్చరిక ఇచ్చినవాడి క్లిప్‌లో స్పష్టంగానే ఉంటుంది, అవతలివాడి చెవిన మాత్రం పడి ఉండదు. ఈ ఒక్క కారణంతోనే ఇద్దరూ నిజమే చెబుతూ ఒకరినొకరు అబద్ధాలకోరని తిట్టుకునే టికెట్లు ఎన్నో. ఇద్దరి క్లిప్‌లూ పక్కపక్కన పెట్టి, సర్వర్ లాగ్‌లో ఎవరు ఎవరిని ఏ ఆయుధంతో ఏ సమయానికి కొట్టారో సరిచూస్తేనే విషయం తేలుతుంది. కారుతో గుద్ది చంపే వీడీఎంకు కూడా ఇదే పద్ధతి. అయితే కారు అదుపు తప్పిన సందర్భాలు అందులో చాలా ఉంటాయి కాబట్టి, గుద్దిన తర్వాత డ్రైవరు ఏం చేశాడన్నదే అక్కడ ఎక్కువ విషయం చెబుతుంది. ఆగి, దిగి, ఈఎంఎస్‌ను (ఆటలోని అత్యవసర వైద్య సిబ్బందిని) పిలిచినవాణ్ని ఏ అడ్మినూ వీడీఎం కింద శిక్షించడు.

అపోహ: చాట్‌లో స్లాష్ మీ (/me) కమాండ్‌లో రాసేస్తే ఆ పని జరిగిపోయినట్టే.

వాస్తవం: ఆటలో యానిమేషన్ లేని చర్యలను రాతలో చెప్పుకోవడానికి స్లాష్ మీ, చుట్టూ ఉన్న పరిస్థితిని చెప్పడానికో అడగడానికో స్లాష్ డూ (/do) ఉన్నాయి. వాటి సాయంతో అవతలి పాత్ర ఫలితాన్ని కూడా మీరే రాసేస్తే దాన్ని పవర్‌గేమింగ్ అంటారు. ఒక దుకాణదారుణ్ని బంధించే సీన్ తీసుకుందాం. "చేతులు గట్టిగా కట్టేశాడు, ఇక విడిపించుకోలేడు" అని దొంగ రాస్తే దుకాణదారుడికి ఆడటానికి ఏమీ మిగలదు. "రెండు చేతులూ వెనక్కి విరిచి తాడుతో కట్టబోతున్నాడు" అని స్లాష్ మీలో రాసి, "ముడి బిగుసుకుందా?" అని స్లాష్ డూలో అడిగితే, ముడి సంగతి కట్టించుకునేవాడు చెబుతాడు. అతను నిజాయితీగా "బిగుసుకుంది" అంటాడని నమ్మడం ఈ ఆట పద్ధతి. ప్రతిసారీ "లేదు, జారిపోయింది" అని రాసేవాడు కూడా పవర్‌గేమింగే చేస్తున్నాడన్న సంగతి మాత్రం చాలామందికి తట్టదు.

ఫియర్ ఆర్పీ విషయంలోనూ ఇదే తరహా గందరగోళం ఉంది. తుపాకీ గురిపెట్టినప్పుడు మీ పాత్ర తన ప్రాణానికి విలువ ఇవ్వాలన్నది ఆ నిబంధన సారాంశం. గురిపెట్టినవాడు ఏం చెబితే అది చేసే బొమ్మగా మారమని దాని అర్థం కాదు. కదులుతున్న కారులో ఉన్నవాడు, రోడ్డు మీద దూరంగా ఒంటరిగా నిలబడి పిస్టల్ చూపిన దొంగను తప్పించుకుని వేగం పెంచితే, భయపడిన మనిషి చేసే పనే చేశాడు. కారు అద్దం పక్కనే ముగ్గురు నిలబడి గురిపెట్టినప్పుడు నవ్వుతూ గేరు మార్చినవాడిదే తప్పు. సర్వరును బట్టి ఈ గీత కాస్త అటూ ఇటూ జరుగుతుంది.

అపోహ: ఆటగాడి లైవ్ స్ట్రీమ్ అందరికీ కనిపించేదే కదా, చూసి వాడుకుంటే తప్పేముంది?

వాస్తవం: పాత్రకు తెలియని సమాచారాన్ని ఆటగాడు బయటినుంచి తెచ్చి వాడటమే మెటాగేమింగ్, సమాచారం బహిరంగంగా ఉందా రహస్యంగా ఉందా అన్నది లెక్కలోకి రాదు. స్ట్రీమ్ చూసి దాక్కున్న చోటు పట్టుకోవడం దీనిలో బాగా తెలిసిన రకం. నిజానికి ఎక్కువగా జరిగేది మరొకటి: ఆటలో రేడియోలో మాట్లాడాల్సిన గ్యాంగ్ సభ్యులు పక్కన డిస్కార్డ్ అనే చాట్ యాప్‌లో కాల్ పెట్టుకుని మాట్లాడుకోవడం. పోలీసులు రేడియో లాక్కున్న తర్వాత కూడా ఆ గ్యాంగ్ కబురు అందుకుంటూనే ఉంటే అనుమానం వస్తుంది. దీన్ని నిరూపించడం కష్టం కాబట్టి ఒక్కసారి కాకతాళీయంగా జరిగినదాని మీద చర్య తీసుకోం, పదేపదే జరుగుతుంటే గమనించి రాసిపెట్టుకుంటాం. స్ట్రీమర్లకు ఒక మాట: మీ చాట్‌లో ఎవరో "అన్నా, వెనక వీధిలో ఉన్నారు" అని రాశారన్నది మీ తప్పు కాదు. అది చదివిన వెంటనే కారు వెనక్కి తిప్పితే మాత్రం మీదే.

అపోహ: నెట్ పోయింది, కరెంటు పోయింది అంటే కాంబాట్ లాగ్ కేసు కొట్టేస్తారు.

వాస్తవం: అరెస్టు చేసేటప్పుడో, కాల్పుల మధ్యలోనో, దోపిడీకి గురవుతున్నప్పుడో సర్వర్ వదిలి పోవడాన్ని కాంబాట్ లాగింగ్ అంటారు. మన ఊళ్లలో నెట్, కరెంటు ఎలా ఉంటాయో అడ్మిన్లకూ తెలుసు కాబట్టి ఈ టికెట్లలో తొందరపడం. ఆటగాడు బయటకు పోయినప్పుడు సర్వర్ ఒక కారణాన్ని నమోదు చేస్తుంది: తానే ఆట మూసి వెళ్తే ఒక రకంగా, ఆట క్రాష్ అయితే మరో రకంగా, కనెక్షన్ తెగి సర్వర్ ఎదురుచూసి వదిలేస్తే టైమవుట్‌గా. తానే మూసినట్టు లాగ్‌లో ఉండగా కరెంటు పోయిందని చెబితే ఆ మాట నిలవదు. అయితే దీనికి విరుగుడు కనిపెట్టినవారూ ఉన్నారు. కేబుల్ పీకేస్తే లాగ్‌లో టైమవుట్ అనే పడుతుంది, కాబట్టి టైమవుట్ ఒక్కటే నిర్దోషిత్వానికి రుజువు కాదు. అక్కడ మేము చూసేది ఆ తర్వాతి ప్రవర్తన. నిజంగా నెట్ పోయినవాడు సాధారణంగా ఫోన్ డేటాతోనైనా డిస్కార్డ్‌లో ఒక ముక్క రాస్తాడు, తిరిగి రాగానే ఆ సీన్‌లోని వారిని వెతికి, ఆగిన చోటునుంచి కొనసాగిస్తాడు. ప్రతి అరెస్టులోనూ నెట్ పోయి, బేరసారాల్లో మాత్రం ఎన్నడూ పోని కనెక్షన్ గురించి వేరే చెప్పనక్కరలేదు.

అపోహ: పాత్ర అన్న మాటకు ఆటగాడికి సంబంధం లేదు.

వాస్తవం: పాత్ర దుర్మార్గుడై ఉండవచ్చు, అబద్ధాలు చెప్పవచ్చు, స్నేహితుణ్ని మోసం చేయవచ్చు, మంచి కథలకు అలాంటివాళ్లు కావాలి కూడా. కానీ మైకులో వినిపించే మాట నిజమైన మనిషి చెవిన పడుతుంది. కులం పేరు పెట్టి తిట్టడం, ఆడవాళ్ల గొంతు వినగానే వేధించడం, లైంగిక హింసను సీన్‌గా చేయబోవడం వంటివాటికి ఐసీలో (పాత్రగా) అన్నాను అనే వాదన పనికిరాదు. వీటిలో వార్నింగు దశ కూడా అవసరం లేదని నా అభిప్రాయం. హీరోల అభిమానుల గొడవలు అంత తీవ్రమైనవి కావు గానీ, లాస్ శాంటోస్ నడిబొడ్డున ఇద్దరు దొంగలు తమ పని మానేసి ఓపెనింగ్ కలెక్షన్ల మీద కొట్టుకుంటుంటే ఆ సీన్‌లో రోల్‌ప్లే మిగలదు. అలాంటప్పుడు ఒక చిన్న హెచ్చరికతో సరిపెడతాం.

అపోహ: చచ్చిపోతే పాత్ర అన్నీ మరిచిపోవాలి.

వాస్తవం: అన్నిసార్లూ కాదు. కింద పడిపోయిన పాత్రను ఈఎంఎస్ వచ్చి రివైవ్ చేస్తే అది గాయమే కాబట్టి, చాలా సర్వర్లలో జ్ఞాపకం మిగులుతుంది. ఆస్పత్రిలో రెస్పాన్ అయితేనే, అంటే కొత్తగా మళ్లీ మొదలైతేనే, న్యూ లైఫ్ రూల్ వర్తించి, చావుకు దారితీసిన సంఘటనలు చెరిగిపోతాయి. శాశ్వత మరణమైన సీకే వీటికి పూర్తిగా వేరు. దానికి ముందుగా అడ్మిన్ అనుమతి తీసుకునే సర్వర్లే ఎక్కువ.

అపోహ: డబ్బు కట్టినవాడిని, అడ్మిన్ల స్నేహితుణ్ని ఎవరూ ఏమీ చేయరు.

వాస్తవం: ఈ అనుమానం ఊరికే పుట్టలేదు; అలా నడిచిన సర్వర్లు ఉన్నాయి, అవి ఖాళీ అవడమూ చూశాం. డబ్బు విషయంలో సర్వర్ యజమానికే పరిమితులు ఉన్నాయి. ఆటలోని కరెన్సీని, లోపల ఏముందో తెలియకుండా కొనే లూట్ బాక్సులను నిజమైన డబ్బుకు అమ్మడాన్ని, క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీల వాడకాన్ని రోల్‌ప్లే సర్వర్లలో సహించబోమని రాక్‌స్టార్ గేమ్స్ 2022 నవంబరులో ప్రకటించింది. 2023 ఆగస్టులో ఫైవ్‌ఎం తయారీదారులైన సీఎఫ్ఎక్స్ బృందం ఆ సంస్థలోనే భాగమైంది. క్యూలో ముందుగా ప్రవేశం వంటి సౌకర్యానికి డబ్బు కట్టినవాడు నిబంధనల నుంచి మినహాయింపు కొనుక్కున్నట్టు కాదు. స్నేహం విషయానికొస్తే, సీన్‌లో ఉన్న అడ్మిన్ ఆ సీన్ మీద తీర్పు ఇవ్వకూడదు, తన గ్యాంగ్‌కు సంబంధించిన టికెట్‌ను మరొకరికి అప్పగించాలి. ఫైవ్‌ఎం సర్వర్‌తో కలిసి వచ్చే నిర్వహణ సాధనమైన టీఎక్స్‌అడ్మిన్‌లో అడ్మిన్లు చేసే పనులు కూడా లాగ్‌లోకి ఎక్కుతాయి, కాబట్టి ఎవరు ఎప్పుడు ఎవరి మీద చర్య తీసుకున్నారో తర్వాత అడగవచ్చు.

అపోహ: బ్యాన్ పడితే ఇక ఫైవ్‌ఎం మొత్తం పోయినట్టే, లేదా, కొత్త అకౌంటు తెరిస్తే చాలు.

వాస్తవం: రెండూ తప్పే. సర్వర్ వేసిన బ్యాన్ ఆ సర్వర్‌కే పరిమితం. ఫైవ్‌ఎం మొత్తం మీద నిషేధం విధించే అధికారం సీఎఫ్ఎక్స్‌కే ఉంది, అది ప్రధానంగా చీటింగ్ వంటివాటికి. అలాగే ప్రతి ఆటగాడినీ లైసెన్సు, స్టీమ్, డిస్కార్డ్ వంటి గుర్తింపులతో పాటు హార్డ్‌వేర్ ఆధారిత టోకెన్లతో కూడా సర్వర్ గుర్తుపడుతుంది కనుక, కొత్త ఈమెయిల్‌తో ఒరిగేదేమీ లేదు. అయితే ఈ గుర్తింపులను గుడ్డిగా నమ్మకూడదు. మన దేశంలో ఒకే ఐపీ అడ్రసును చాలామంది వినియోగదారులకు పంచే నెట్ కంపెనీలు ఉన్నాయి, కాబట్టి ఐపీని చూసి బ్యాన్ వేస్తే ఏ పాపం ఎరగనివాడు బయట నిలబడతాడు. అన్నదమ్ములిద్దరూ ఒకే కంప్యూటర్ మీద ఆడే ఇళ్లలో అన్న చేసిన పనికి తమ్ముడి అకౌంటు ఆగిపోతుంది. అలాంటప్పుడు తమ్ముడు అప్పీల్ పెడితే, ఇద్దరి పాత్రలు, గొంతులు, ఆడే వేళలు వేరని లాగ్‌ల ద్వారా తేలితే తీసేస్తాం.

అప్పీల్ రాసేవారు క్షమాపణతో పేజీ నింపనక్కరలేదు. బ్యాన్ కారణంలో రాసిన సీన్ ఏ తేదీన, ఏ సమయానికి జరిగింది, అందులో మీ పాత్రకు అప్పటికి ఏం తెలుసు, అవతలి పాత్ర ఏమంది, మీ దగ్గర కత్తిరించని వీడియో ఉందా అన్నవి రాస్తే చాలు. రికార్డింగు దానంతటదే సేవ్ అయ్యేలా ముందే పెట్టుకుని, గొడవ జరిగిన సీన్ల వీడియోలను ఓ రెండు వారాలైనా చెరిపేయకుండా ఉంచండి. అడిగేసరికి అవి పోయాయనే సమాధానమే మాకు ఎక్కువగా వస్తుంది.