లాన్‌లో మచ్చ కనిపిస్తే ముందు పైపు ఆపండి

"వానలు పడుతున్నా గడ్డి ఎండిపోతోందండీ" అనే ఫోన్లు హైదరాబాద్‌లో ఆగస్టు, సెప్టెంబరుల్లో మొదలవుతాయి. అప్పటికే యజమాని నీళ్లు పెంచి, యూరియా చల్లేసి ఉంటారు.

అపోహ: గడ్డి గోధుమరంగుకు తిరిగితే నీళ్లు చాలట్లేదు.
వాస్తవం: నీటి ఎద్దడిలో గడ్డి ముందు నీలిబూడిద రంగుకు మారుతుంది, తొక్కిన చోట పోచలు వెంటనే లేవవు. వానాకాలంలో గుండ్రటి మచ్చలు పాకుతుంటే అనుమానించాల్సింది బ్రౌన్ ప్యాచ్‌ను. రైజోక్టోనియా అనే శిలీంధ్రం తెచ్చే తెగులు ఇది. మచ్చ అంచున పోచ పట్టి లాగండి, మొదలు కుళ్లి సులువుగా ఊడి వస్తుంది. తెల్లవారుజామున చూస్తే సన్నటి బూజు కూడా కనిపించవచ్చు, ఎండెక్కాక ఉండదు. అందుకే మధ్యాహ్నం తీసిన ఫొటో పంపితే తెగులేదో చెప్పలేం.

అపోహ: సాయంత్రం చల్లబడ్డాక తడపాలి.
వాస్తవం: బ్రౌన్ ప్యాచ్ లాంటి శిలీంధ్ర తెగుళ్లకు కావాల్సింది రాత్రంతా ఆకు మీద ఆరని తడే. తెల్లవారాక తడిపితే ఎండకు ఆకు ఆరిపోతుంది. వేసవిలోనైనా రోజూ పైపైన చిలకరించడం కన్నా, రెండు మూడు రోజులకోసారి జానెడు లోతు తడిసేలా పెట్టడం మేలు. వాన పడుతుంటే ఆటోమేటిక్ స్ప్రింక్లర్ కట్టేయండి. గేటెడ్ కమ్యూనిటీల్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు.

అపోహ: పసుపెక్కితే యూరియా.
వాస్తవం: బ్రౌన్ ప్యాచ్ ఉన్నప్పుడు యూరియా వేస్తే లేత ఆకు తన్నుకొస్తుంది, తెగులు దాని మీద పడుతుంది. రూపాయి బిళ్లంత మచ్చలు తెచ్చే డాలర్ స్పాట్ తెగులు మాత్రం, యూరియా ఇచ్చే నత్రజని తక్కువైన చోటే ఎక్కువ. ఏ తెగులో తేల్చుకోకుండా ఎరువు సంచి విప్పకండి.

అపోహ: మందు కొడితే మచ్చ పచ్చబడుతుంది.
వాస్తవం: చచ్చిన ఆకు బతకదు. మందు కొత్త ఆకును కాపాడుతుందంతే. ప్రతిసారీ కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందే కొడితే శిలీంధ్రం దానికి అలవాటు పడుతుంది, వేరే రకం మందుతో మార్చి వాడాలి.

ఇక డిసెంబరు, జనవరి చలికి గరిక జాతి గడ్డి రంగు తగ్గడం తెగులు కాదు. అమెరికా చలి ప్రాంతాల వీడియోలు చూసి అప్పుడు ఎరువు దట్టించేవాళ్లున్నారు. అక్కడి గడ్డి వేరు. మనది వేడికి పెరిగే గడ్డి, ఫిబ్రవరి చివర చిగురు పడ్డాకే ఎరువు ఇవ్వండి.