తెల్ల అక్షరాలు గులాబీ రంగులోకి ఎందుకు మారతాయి? డెకాల్స్ మీద అపోహలు - వాస్తవాలు

హెలికాప్టర్లు, 1930ల నాటి రేసు విమానాలు. స్కేల్ మోడళ్లలో నాకు ఈ రెండే పిచ్చి. పెయింట్ ఎంత బాగా కుదిరినా చూసేవాళ్ల కన్ను ముందు పడేది నంబర్ల మీద, అక్షరాల మీద. అక్కడ ఆవగింజంత తేడా వచ్చినా దొరికిపోతాం. అందుకే కొత్తవాళ్లు నన్ను అడిగేవన్నీ దాదాపు డెకాల్స్ గురించే, అంటే మోడల్ మీదకు ఎక్కించే ఆ నంబర్లు, అక్షరాలు, బొమ్మల గురించే.

అపోహ: డెకాల్ అంటే స్టిక్కరే కదా.

కాదు. వాటర్‌స్లైడ్ డెకాల్‌కి కింద కాగితం, దాని మీద నీళ్లలో కరిగే జిగురు, ఆపైన ఉల్లిపొర లాంటి ఫిల్మ్ ఉంటాయి. ఇంకు ఉండేది ఆ ఫిల్మ్ మీద. 10-15 సెకన్లు నీళ్లలో ముంచి తీసి, టిష్యూ మీద ఒక నిమిషం ఉంచితే చాలు. గిన్నెలో పడేసి ఫోన్ మాట్లాడి వచ్చారంటే కాగితం అడుగున, డెకాల్ పైన తేలుతూ కనిపిస్తాయి. జిగురు నీళ్లపాలు.

అపోహ: మెరుపు లేని మ్యాట్ పెయింట్ గరుగ్గా ఉంటుంది కాబట్టి డెకాల్ గట్టిగా పట్టుకుంటుంది.

మిలిటరీ హెలికాప్టర్లు చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే, ఎందుకంటే వాటి రంగులు ఎక్కువగా మ్యాటే. ఆ గరుకులోని సందుల్లో గాలి చిక్కుకుంటుంది. దాని మీద వెలుతురు చెదిరి ఫిల్మ్ అంతా వెండి పొడి చల్లినట్టు మెరుస్తుంది. దీన్నే సిల్వరింగ్ అంటాం. ముందు గ్లాసీ క్లియర్ (మెరిసే పారదర్శక పూత) కొట్టండి, పూర్తిగా ఆరాక డెకాల్ వేయండి, ఆఖర్న మ్యాట్ క్లియర్ కొట్టండి. ఇప్పటికే మెరుస్తుంటే సన్నటి సూదితో అక్కడక్కడా పొడిచి ఒక చుక్క సాఫ్ట్‌నర్ (డెకాల్ ఫిల్మ్‌ని మెత్తబరిచే ద్రవం) వదలండి, చాలావరకు సర్దుకుంటుంది.

అపోహ: సాఫ్ట్‌నర్ వేశాక ముడతలు పడితే డెకాల్ పాడైనట్టే.

మైక్రో సోల్ లాంటిది మొదటిసారి వేసినప్పుడు గుండె జారిపోతుంది. డెకాల్ ఎండిన ఆకులా ముడుచుకుంటుంది. చెయ్యి పెట్టకండి! ఫిల్మ్ మెత్తబడి రివెట్ల మీదకు, ప్యానెల్ గీతల్లోకి దిగుతోందన్నమాట. ఆరేసరికి దానంతటదే సాపు అవుతుంది. ఆ సమయంలో వేలితో సరిచేయబోతే చిరుగుతుంది. డెకాల్ ఏదైనా హెలికాప్టర్ తలుపు గీత మీదుగా వెళ్తుంటే, బాగా ఆరాక కొత్త బ్లేడుతో గీత వెంట కోసి మళ్లీ సాఫ్ట్‌నర్ రాయండి.

అపోహ: తెలుపు తెలుపే, ఏ రంగు మీదైనా తెల్లగానే కనిపిస్తుంది.

ఇది నాకు డబ్బు ఖర్చయ్యాక అర్థమైంది. 1934లో ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్ దాకా జరిగిన మాక్‌రాబర్ట్‌సన్ రేసు గెలిచిన డి హావిలాండ్ కామెట్ విమానం (రిజిస్ట్రేషన్ జీ-ఏసీఎస్ఎస్) మోడల్ చేస్తున్నాను. ఒళ్లంతా ఎర్రటి ఎరుపు, దాని మీద తెల్ల అక్షరాలు. (ఆ రేసులో అలహాబాద్ తప్పనిసరి మజిలీ. పైలట్లు మొలిసన్ దంపతుల నల్ల కామెట్ ‘బ్లాక్ మ్యాజిక్’ ఇంజన్ చెడి అక్కడే ఆగిపోయింది.) షీటు మీద అక్షరాలు పాల తెలుపు. విమానం మీదకు జారగానే రోజ్ మిల్క్ రంగు! ఇంకు పల్చగా ఉండటంతో కింది ఎరుపు పైకి కనబడుతోంది. ఇంకో షీటు తెప్పించి, మొదటి పొర పూర్తిగా ఆరాక దాని మీదే రెండో అక్షరం పెట్టాను. నాలుగు మిల్లీమీటర్ల అక్షరం మీద మరో నాలుగు మిల్లీమీటర్ల అక్షరం వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టడానికి రెండు రాత్రులు పట్టింది. ఇప్పుడైతే ముందే మాస్క్ (అక్షరాల ఆకారంలో కోసిన టేపు) పెట్టి తెలుపు స్ప్రే చేస్తాను.

ఇంకో సంగతి. కొన్ని ఎర్ర పెయింట్లలోని రంగు, పైన పడే సాల్వెంట్‌లోకి ఊరుతుంది. అలాంటి ఎరుపు మీద క్లియర్ కోటు అడ్డుగోడలా లేకపోతే తెలుపు వారం తర్వాతైనా రంగు మారొచ్చు.

అపోహ: ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ ఉంటే ఏ డెకాల్ అయినా వేసుకోవచ్చు.

మామూలు ఇంక్‌జెట్‌లో తెల్ల ఇంకు ఉండదు. తెలుపు కావలసిన చోట అది ఏమీ వేయదు, అంతే. పైగా క్లియర్ కొట్టకుండా నీళ్లలో ముంచితే రంగంతా కారిపోతుంది. తెల్ల డెకాల్ పేపర్ వాడొచ్చు కానీ ప్రతి అక్షరాన్నీ అంచు దాకా కత్తిరించాలి. తెల్ల రిబ్బన్ ఉన్న ఆల్ప్స్ కంపెనీ ప్రింటర్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది.

అపోహ: తోక చుట్టూ పట్టీకి తిన్నని స్ట్రిప్ చాలు.

హెలికాప్టర్ తోక గొట్టం వెనక్కి పోయేకొద్దీ సన్నబడుతుంది. తిన్నని స్ట్రిప్ చుడితే రెండు కొసలూ కలవవు, ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి పోతాయి. అక్కడ మాస్కింగ్ టేపు చుట్టి, పట్టీ రెండు అంచులూ పెన్సిల్‌తో గీసి, టేపు విప్పి గాజు పలక మీద పరవండి. గీతలు చేతి గాజు ముక్కలా వంపు తిరిగి ఉంటాయి. డెకాల్ కోయాల్సింది ఆ వంపుతోనే. నైట్రో ఇంధనంతో నిజంగా ఎగిరే మోడళ్లకైతే ఈ కష్టం వద్దు, వినైల్ స్టిక్కర్ వేసి ఇంధనానికి తట్టుకునే క్లియర్ కొట్టండి.

అపోహ: పాత ఫొటో చూస్తే రంగు తెలిసిపోతుంది.

అప్పట్లో చాలామంది వాడిన ఆర్థోక్రోమాటిక్ ఫిల్మ్‌కి ఎరుపు కనిపించదు. అందులో ఎరుపు నల్లగా, నీలం వెలిసిపోయినట్టు పడతాయి. ఇంకా పెద్ద చిక్కు తేదీ. పైన చెప్పిన ఎర్ర కామెట్, రేసు తర్వాత బ్రిటన్ ఎయిర్ మినిస్ట్రీ చేతికి వెళ్లి కె5084 అనే నంబర్ వేసుకుంది, ఆపైన ‘ది ఆర్ఫన్’, 1937లో ‘ది బర్బెర్రీ’ పేర్లతో ఎగిరింది. ఇప్పుడు ఇంగ్లండ్‌లోని షటిల్‌వర్త్ కలెక్షన్ అనే పాత విమానాల మ్యూజియంలో మళ్లీ ఎర్రగా ఉంది. ఏ సంవత్సరం విమానం చేస్తున్నారో తేల్చుకున్నాకే షీటు కొనండి.

అపోహ: పసుపెక్కిన షీటు చెత్తబుట్టకే.

జిప్ కవర్లో పెట్టి, బొమ్మల వైపు ఎండ తగిలేలా కిటికీ అద్దానికి టేపుతో అంటించండి. మన ఎండకు వారం, పది రోజుల్లో పసుపు చాలావరకు విరుగుతుంది. తర్వాత పనికిరాని ఒక అక్షరం నీళ్లలో వేసి చూడండి. అది ముక్కలైతే మిగతా షీటుకు మైక్రోస్కేల్ లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ ఒక పూత వేసి, ఆరాక మళ్లీ ప్రయత్నించండి.