గజాలు జారిపోయేది ఎక్కడ? కొలతల మీద అపోహలు - వాస్తవాలు

గుంటూరు బ్రాడీపేటలో నా గది. ఇళ్ల ప్లాన్లు గీస్తాను, స్థలాలూ పొలాలూ కొలుస్తాను. ఇరవై మూడేళ్లుగా ఇదే పని. మీటరు గొప్పదా, అడుగు గొప్పదా అని నా బల్ల ముందు కూర్చుని వాదించుకునేవాళ్లు చాలామందే వస్తుంటారు. నేను చూసినంతలో అడుగుల్లోనే ఉండిపోయినవాడు బాగానే ఉన్నాడు, మీటర్లలోనే ఉండిపోయినవాడూ బాగానే ఉన్నాడు. ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి దాటేటప్పుడే జేబుకి చిల్లు పడుతుంది. తరచూ నా చెవిన పడే మాటలు కొన్ని చెబుతాను.

అపోహ: సెంటు అంటే మెట్రిక్ కొలతే. సెంటీమీటరుకి చుట్టం.

వాస్తవం: వంద అనే అర్థం వరకే ఆ చుట్టరికం. సెంటంటే ఎకరంలో నూరో వంతు, ఎకరమేమో ఇంగ్లండు నుంచి వచ్చిన కొలత. ఎకరానికి 4,840 చదరపు గజాలు, సెంటుకి 48.4. చదరపు అడుగుల్లో అయితే సెంటు 435.6. తెలంగాణలో వాడే గుంట వేరు. అది 121 చదరపు గజాలు, ఎకరానికి నలభై. (స్థలం లెక్కలో ఊరికే గజమంటే చదరపు గజమే.) రాజధాని ఇక్కడికి వస్తోందన్న కొత్తల్లో హైదరాబాదు నుంచి భూములు చూడ్డానికి వచ్చినవాళ్లకి సెంటు ధర చెబితే మొహం వెలిగిపోయేది. రెండున్నర సెంట్లయితేగానీ గుంట కాదండీ అనగానే ఆ వెలుగు కాస్తా ఆరేది.

అమరావతి భూసమీకరణే చూడండి. రైతు ఇచ్చింది ఎకరాల్లో, తిరిగి ఇస్తామన్నది గజాల్లో. మెట్ట పట్టా భూమి అయితే ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు (నది పక్క సారవంతమైన భూమి) అయితే ఆ 250 కాస్తా 450. మెట్ట లెక్కలో 1,250 గజాలంటే దాదాపు 26 సెంట్లు. ఈ భాగహారం కోసం నా దగ్గరికి ఒక్క రైతు కూడా రాలేదు. అందరూ నోటిలెక్కతోనే తేల్చేశారు.

అపోహ: పొలం పటంలో లింకు అంటే 20 సెంటీమీటర్లు.

వాస్తవం: ఇక్కడ కాస్త ఆగాలి. గట్టు తగాదాల్లో నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే.

పాత ఎఫ్ఎంబీల్లో (సర్వేవాళ్ల పొలం పటాల పుస్తకాల్లో) పొలం కొలతలు లింకుల్లో ఉంటాయి. అవి గుంటర్ గొలుసు లింకులు. (మా గుంటూరుకీ ఆ గొలుసుకీ ఏ సంబంధమూ లేదు, ఇంగ్లండులో 1620 ప్రాంతంలో దాన్ని తయారుచేసినాయన పేరు ఎడ్మండ్ గుంటర్.) గొలుసు పొడవు 66 అడుగులు, అందులో లింకులు వంద. పది చదరపు గొలుసులు ఎకరం, వెయ్యి చదరపు లింకులు సెంటు. లింకుల్లో గుణించి చుక్క జరిపితే చాలు, ఎకరాలూ సెంట్లూ వచ్చేస్తాయి. మెట్రిక్ పుట్టక ముందే ఇంత సుఖమైన పదుల లెక్క ఇంగ్లీషువాళ్ల కొలతలో ఉంది!

ఈ లింకు పొడవు 20.1168 సెంటీమీటర్లు. తర్వాత వచ్చిన మెట్రిక్ గొలుసులో లింకు కచ్చితంగా 20 సెంటీమీటర్లు. పేరు ఒకటే, సైజు వేరు. మిల్లీమీటరు తేడాకి ఏమవుతుందిలే అనిపిస్తుంది కదా?

తెనాలి రోడ్డులో ఓ మాగాణి. పక్కపక్క పొలాలవాళ్లు, వరసకి బావాబామ్మర్దులు. పటంలో ఒక వైపు కొలత 500 లింకులు. బామ్మర్ది కొడుకు ఇంజనీరింగ్ చదువుతున్నాడు. టేపు పట్టుకొచ్చి 500ని 20తో గుణించి, వంద మీటర్ల దగ్గర మేకు కొట్టాడు. సర్వే రాయి ఇంకా 58 సెంటీమీటర్లు అవతల ఉంది. "మామయ్య రాయి జరిపాడు" అన్నాడు. ఇక చూస్కోండి, రెండేళ్లు మాటల్లేవు. నన్ను పిలిచాక పాత లింకు లెక్కన కొలిచి చూపించాను. 100.58 మీటర్లు, రాయి ఉండాల్సిన చోటే ఉంది. పెద్దాయన రాయి మీద చెయ్యేసి, "ఇదెక్కడికి పోద్దబ్బాయ్, మా నాయన పాతిన రాయి" అన్నాడు. కుర్రాడు నేల చూపులు చూశాడు.

ఎకరం మొత్తాన్ని ఇలా తప్పు లింకుతో కొలిస్తే 56 గజాలు తగ్గుతుంది, అంటే సెంటు కన్నా ఎక్కువే. పటం చేతికి రాగానే అందులో కొలతలు పాత లింకులా, మీటర్లా అన్నది తేల్చుకుని, ఆ తర్వాతే టేపు తియ్యండి.

అపోహ: 10.5 అంటే పదడుగుల ఐదంగుళాలు.

వాస్తవం: పదడుగుల ఆరంగుళాలు. అడుగుకి పన్నెండు అంగుళాలు కాబట్టి చుక్క తర్వాత ఐదు అంటే అరడుగు. మేస్త్రీలు గోడ మీద పెన్సిలుతో 10.5 అని రాస్తే మాత్రం వాళ్ల లెక్కలో అది పదడుగుల ఐదంగుళాలే. వాళ్లలో వాళ్లకి ఇబ్బంది లేదు. ఆ అంకె గోడ మీద నుంచి కంప్యూటర్లోకి దిగినప్పుడే చిక్కు.

ఈ చిక్కులో నేనూ పడ్డాను. పట్టాభిపురంలో ఓ స్థలం, 33 అడుగుల 10 అంగుళాల వెడల్పు, 60 అడుగుల పొడవు. మా కుర్రాడు కాగితం మీద 33.10 అని రాసుకొచ్చాడు, నేను అలాగే ఎక్సెల్‌లో కొట్టాను. అది చివరి సున్నా మింగేసి 33.1 చేసింది, అంటే ముప్పై మూడడుగుల అంగుళం పైచిలుకు. గుణించి 220 గజాలని కాగితం ఇచ్చేశాను. అమ్మే ఆవిడ రిటైరైన లెక్కల టీచరు. మర్నాడు పొద్దున్నే వచ్చి, "బాబూ, నేను వేళ్ల మీద లెక్కేస్తే రెండొందల పాతికన్నర వచ్చింది. నీ కంప్యూటరుకి ఐదు గజాలు ఎక్కడ పోయాయి?" అనడిగారు. గజం నలభై వేలు పలికే చోట అది రెండు లక్షలకి దగ్గర. ఆ రోజు నుంచి మా గదిలో అడుగులూ అంగుళాలూ వేర్వేరు గడుల్లో రాయాలి, చుక్క పెట్టినవాడు అందరికీ టీ తాగించాలి.

అపోహ: మీటరంటే మూడడుగులే కదా.

వాస్తవం: మూడడుగుల మూడంగుళాల పైన. బట్టల కొట్లో గజం, అంటే మూడడుగులు, అడిగితే మీటరు కొలిచిచ్చారంటే మీకే లాభం. ఇంటి దగ్గర మాత్రం ఇది తిరగబడుతుంది. ప్లాన్లో ఖాళీ స్థలం మీటర్లలో ఉంటుంది, పునాది ముగ్గు అడుగుల్లో పోస్తారు. మూడు మీటర్లు వదలాల్సిన చోట తొమ్మిదడుగులు వదిలితే పదంగుళాలు తక్కువ. మీటరున్నర వదలాల్సిన చోట నాలుగున్నర అడుగులు వదిలితే ఐదంగుళాలు తక్కువ. స్లాబ్ పడ్డాక తనిఖీకి వచ్చినాయన మీటర్ల టేపే తీస్తాడు.

అపోహ: రెరా (స్థిరాస్తి నియంత్రణ చట్టం) నుంచి మినహాయింపు 500 గజాల లోపు స్థలానికే.

వాస్తవం: 2016 రెరా చట్టంలో ఉన్నది 500 చదరపు మీటర్లు, లేదా ఎనిమిది ఫ్లాట్లు. 500 చదరపు మీటర్లంటే 598 గజాలు. మీటరుకి 3.28 అడుగులు కాబట్టి చదరపు మీటరుకి కూడా 3.28 చదరపు అడుగులే అనుకునేవాళ్లున్నారు, ఇంజనీర్లలో కూడా. అది 10.76.

అపోహ: గజాల్లో రాసిన పాత దస్తావేజు ఇప్పుడు చెల్లదు.

వాస్తవం: తూనికలు, కొలతలు మెట్రిక్‌లోకి మార్చే చట్టం వచ్చింది 1956లో. ఇప్పుడు అమల్లో ఉన్నది 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం. అంత మాత్రాన మీ తాతగారి దస్తావేజు చిత్తుకాగితం అయిపోదు. విస్తీర్ణానికీ హద్దులకీ తేడా వస్తే సాధారణంగా హద్దులకే విలువ. కొత్తగా రాయించేటప్పుడు 200 గజాలు లేక 167.22 చదరపు మీటర్లు అని రెండూ వేయించండి. రాసేవాళ్లు తొందరలో 0.8361 బదులు 0.83తో గుణిస్తే 166 అవుతుంది. దాన్ని రేపెవరో మళ్లీ గజాల్లోకి తిప్పితే గజమున్నర మాయం.

అపోహ: టీఎంసీలో ఎం అంటే మీటరు.

వాస్తవం: మిలియన్. వెయ్యి మిలియన్ ఘనపుటడుగులు, అంటే సుమారు 2,832 కోట్ల లీటర్లు. క్యూసెక్కూ అడుగుల కొలతే, సెకనుకి ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ మీదుగా 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు బెజవాడలో ఉన్న మా చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, అదెంత అసలు?" అంది. అప్పుడిలా చెప్పాను. బ్యారేజీలో నిలిచేది మూడు టీఎంసీల చిల్లర. ఆ వరద వేగానికి ఖాళీ బ్యారేజీ నిండడానికి ముప్పావుగంట చాలు. ఒక రోజంతా అలాగే పారితే 95 టీఎంసీలు.

అపోహ: అర అంగుళం పైపు అర అంగుళం ఉంటుంది.

వాస్తవం: జీఐ పైపు (జింకు పూత ఇనుప గొట్టం) తీసుకుని బయట కొలవండి, 21 మిల్లీమీటర్లు దాటుతుంది. అర అంగుళమంటే 12.7. అది పైపు పేరు, కొలత అనుకోవద్దు.

అపోహ: టేపు చివర కొక్కెం కదులుతోందంటే టేపు పాడైనట్టే.

వాస్తవం: కదలాలి. కొక్కెం మందం ఎంతో అంతే కదిలేలా చేస్తారు. బల్ల అంచుకి తగిలించి లాగినప్పుడు బయటికి వస్తుంది, గోడకి ఆనించి నొక్కినప్పుడు లోపలికి పోతుంది. అప్పుడే రెండు విధాలా కొలత సరిగ్గా వస్తుంది, అంగుళాల వైపు చూసినా, సెంటీమీటర్ల వైపు చూసినా. మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు నా మంచి టేపు లూజైందని జాలిపడి ఆ కొక్కేన్ని ఫెవిక్విక్‌తో అతికించేశాడు. రెండు ఇళ్లు కొలిచాక గానీ నాకు తెలియలేదు.