విరిడి ప్యాకెట్ వెనక రెండు శతాబ్దాల పేర్ల కథ

గుంటూరు జిల్లాలో మిరప నారు పోసే రైతుకు ట్రైకోడెర్మా విరిడి కొత్త పేరు కాదు. నారుకుళ్ళు రాకుండా విత్తనానికి పట్టిస్తారు. ఎండు తెగులు భయం ఉన్న చేనికైతే పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి, గోనెపట్టా కప్పి కొన్నాళ్లు నీడన ఉంచి, ఆ తర్వాత చల్లుతారు. దుగ్గిరాల వైపు పసుపు రైతులు దుంపకుళ్ళుకూ ఇదే వాడతారు. ఇది రసాయనం కాదు, ప్రాణమున్న బూజు. నేలలోని తెగులు శిలీంధ్రాలను పట్టి తినే మరో శిలీంధ్రం.

ప్యాకెట్ మీద విరిడి అని ఉన్నా లోపల ఉన్నది చాలాసార్లు విరిడి కాదని శాస్త్రవేత్తలు కొన్నేళ్లుగా చెబుతున్నారు. మన దేశంలో ఆ పేరుతో దాచిన కల్చర్లను, అంటే ల్యాబులో పెంచి భద్రపరిచిన శిలీంధ్రాలను, డీఎన్ఏతో పరీక్షిస్తే ఆస్పెరెల్లం లాంటి వేరే జాతులుగా తేలినవి ఎన్నో ఉన్నాయి. వినగానే కల్తీ అనిపిస్తుంది. కల్తీ సరుకు మార్కెట్లో లేదని నేననను. కానీ ఈ తేడా అక్కడ పుట్టలేదు. ఈ శిలీంధ్రాలకు పేర్లు పెట్టిన తీరులో పుట్టింది.

ట్రైకోడెర్మా అనే ప్రజాతికి, అంటే దగ్గరి జాతుల సమూహానికి, 1794లో పెర్సూన్ అనే శాస్త్రవేత్త పేరు పెట్టాడు. అప్పుడు అందులో నాలుగు జాతులు చేర్చాడు. వాటిలో మూడింటికి ఈ కుటుంబంతో సంబంధమే లేదని తర్వాత తేలింది, విరిడి ఒక్కటే మిగిలింది. 1865లో ఫ్రాన్స్‌కు చెందిన తులాన్ సోదరులు ఇంకో చిక్కు బయటపెట్టారు. చెక్క మీద కనిపించే హైపోక్రియా రూఫా అనే శిలీంధ్రం, విరిడి అనే ఈ ఆకుపచ్చ బూజు రెండూ ఒకే జీవి రెండు దశలని చూపారు. ఒకే జీవికి రెండు పేర్లు అలా స్థిరపడ్డాయి. శిలీంధ్రశాస్త్రం ఆ భారాన్ని దాదాపు నూట యాభై ఏళ్లు మోసింది.

మన ప్యాకెట్ల కథకు అసలు మలుపు 1939. ఆ ఏడు బిస్బీ అనే శాస్త్రవేత్త ఈ ప్రజాతిలో ఉన్నది ఒక్కటే జాతి, అది విరిడి అని తేల్చాడు. ఆ తర్వాత ముప్పై ఏళ్లపాటు మట్టిలోంచి తీసిన పచ్చటి ట్రైకోడెర్మా ఏదైనా చాలామందికి విరిడే. వ్యవసాయ ల్యాబులు, పాఠ్యపుస్తకాలు ఈ శిలీంధ్రంతో పరిచయం పెంచుకున్నది సరిగ్గా ఆ కాలంలోనే. పేరు అలా నోళ్లలో పడిపోయింది. 1969లో ఇండోనేషియాకు చెందిన రిఫాయ్ దీన్ని తొమ్మిది సమూహాలుగా విడగొట్టాడు. తెలుగు రైతులకు తెలిసిన రెండో పేరు హార్జియానం ఆయన పెట్టిందే. తొమ్మిదింటినీ ఆయన కచ్చితమైన జాతులు అనలేదు, జాతుల గుంపులు అన్నాడు. సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపించేవి లోపల వేరుగా ఉండొచ్చని ఆయనకు అప్పుడే తెలుసు. ఆ జాగ్రత్త నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. చదివినవాళ్లు మాత్రం ఆ గుంపులను జాతులుగానే వాడుకున్నారు.

ఇది మరో శిలీంధ్రాన్ని తింటుందన్న సంగతి వేరే దారిలో బయటపడింది. 1932లో కాలిఫోర్నియాలో వైండ్లింగ్ అనే ఆయన, ట్రైకోడెర్మా లిగ్నోరం ఇతర నేల శిలీంధ్రాల మీద పరాన్నజీవిగా బతుకుతుందని ప్రకటించాడు. నారును కుళ్ళబెట్టే రైజోక్టోనియా శిలీంధ్రపు దారం లాంటి పోగు చుట్టూ ఈ శిలీంధ్రం పోగు, పందిరి గుంజకు బీరపాదు చుట్టుకున్నట్టు చుట్టుకుంటుంది. ఎదుటిదాని కణం గోడలోని కైటిన్, గ్లూకాన్ అనే పదార్థాలను కరిగించే ఎంజైములు వదులుతుంది. గోడ కరిగాక లోపలి సారం లాగేస్తుంది. నిమ్మజాతి నారు మీద ఆయన చేసిన ఆ పనే ఇవాళ్టి విత్తనశుద్ధికి పునాది.

మరి ఆయన చేతిలో ఉన్నది ఏ జాతి? మొదట లిగ్నోరం అన్నాడు. అది విషం కూడా వదులుతుందని గమనించాక, తన శిలీంధ్రం ట్రైకోడెర్మా కాదు, గ్లయోక్లాడియం ఫింబ్రియాటం అని మార్చుకున్నాడు. ఆ విషానికి గ్లయోటాక్సిన్ అన్న పేరు అందుకే వచ్చింది. 1964లో ఆ శిలీంధ్రాన్ని మళ్ళీ పరిశీలించినవాళ్లు గ్లయోక్లాడియం వైరెన్స్ అన్నారు. 1987లో అది తిరిగి ట్రైకోడెర్మాలోకి వచ్చి ట్రైకోడెర్మా వైరెన్స్ అయింది. ఇన్ని మార్పుల్లోనూ ఆ జీవి మారలేదు, చూసే సాధనాలే మారాయి.

విరిడి విషయంలోనూ అంతే. 1989లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూస్తే విరిడి సిద్ధబీజాల (స్పోర్ల) మీది బొడిపెలు రెండు రకాలుగా కనిపించాయి. పదేళ్లకు డీఎన్ఏ కూడా అదే చెప్పింది. 1999లో రెండో రకానికి ఆస్పెరెల్లం అని కొత్త పేరు వచ్చింది. 2006లో అసలు విరిడిని మళ్ళీ నిర్వచించినప్పుడు, పుస్తకాల్లో రాసినంత విరివిగా ఆ జాతి ప్రకృతిలో దొరకదని, నిజానికి అది అరుదైనదేనని తేలింది. అంటే 1999కి ముందు మట్టిలోంచి తీసి విరిడి అని రాసుకున్న ల్యాబు ఆనాటి పుస్తకం ప్రకారం సరిగ్గానే రాసింది. పుస్తకం మారింది, లేబుల్ మారలేదు.

ఇంకో అపోహ కూడా ఉంది. శిలీంధ్రాన్ని తినే శిలీంధ్రాలన్నీ ఒక కుటుంబం అనుకుంటాం. పరాన్నజీవనం బతుకుతెరువే కానీ వంశం కాదు. దూరదూరపు శాఖల్లో అది విడివిడిగా కనిపిస్తుంది. బూడిద తెగులు మీద పడి బతికే ఆంపిలోమైసిస్ ట్రైకోడెర్మాకు దగ్గర చుట్టం కాదు. మిరపలో రసం పీల్చే పురుగులకు కొట్టే వెర్టిసీలియం లెకాని అనే శిలీంధ్రం పురుగునూ పట్టుకుంటుంది, కాఫీ కుంకుమ తెగులు శిలీంధ్రాన్నీ పట్టుకుంటుంది. దానికి 2001లో లెకానిసీలియం అని, 2017లో అకాంతోమైసిస్ అని పేర్లు మారాయి. దుకాణంలో మాత్రం ఇప్పటికీ వెర్టిసీలియమే. తినేదానికే కాదు, తినబడేదానికీ ఈ మార్పులు తప్పలేదు. దుంపకుళ్ళు తెచ్చే పిథియం ఇప్పుడు శిలీంధ్రాల లెక్కలోనే లేదు, గోధుమరంగు సముద్రపు నాచుల వైపు చుట్టమైంది.

పేరుతో రైతుకు పనేమిటని అడిగేవాళ్లకు నేను పుట్టగొడుగుల ఉదాహరణ చెబుతాను. 1980ల మధ్యలో ఐర్లాండ్, బ్రిటన్ పుట్టగొడుగుల షెడ్లలో ఆకుపచ్చ బూజు పెద్ద నష్టం చేసింది. 1990ల్లో ఉత్తర అమెరికాలోనూ వచ్చింది. అందరూ దాన్ని హార్జియానం అన్నారు. తెగుళ్ల నివారణకు పొలాల్లో వేస్తున్నదీ హార్జియానమే కదా, మనమే చేజేతులా తెచ్చిపెట్టామా అన్న టెన్షన్ పట్టుకుంది. డీఎన్ఏ పరీక్షల్లో అవి రెండూ వేరని తేలింది. షెడ్లను పాడుచేసినదానికి 2002లో అగ్రెసివం అని పేరు పెట్టారు. ముత్యపుచిప్ప పుట్టగొడుగులను పట్టేవి ఇంకో రెండు జాతులని 2007 నాటికి తెలిసింది. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఇళ్లలో, షెడ్లలో ఆ పుట్టగొడుగులు పెంచేవాళ్లకు బెడ్ల మీద వచ్చే పచ్చబూజు బాధ తెలిసిందే. ట్రైకోడెర్మా కలిపిన ఎరువును ఆ బెడ్ల దగ్గరికి రానివ్వకపోవడం మంచిది. జాతులు వేరైనా ట్రైకోడెర్మాలో చాలా జాతులకు పుట్టగొడుగు కూడా ఆహారమే.

ఒకే శిలీంధ్రానికి దశను బట్టి రెండు పేర్లు పెట్టే పద్ధతికి 2011లో మెల్‌బోర్న్ వృక్షశాస్త్ర మహాసభ ముగింపు పలికింది. కొత్త నియమం 2013 నుంచి అమల్లోకి వచ్చింది. హైపోక్రియా పక్కకు తప్పుకుని ట్రైకోడెర్మా నిలిచింది. రిఫాయ్ తొమ్మిది గుంపులు 2020 నాటికి 375 జాతులయ్యాయి. హార్జియానం కూడా 2015లో అనేక జాతులుగా విడిపోయింది. ఇప్పుడు రంగు, సిద్ధబీజాల ఆకారం చూసి పేరు చెప్పలేరు. శిలీంధ్రాలకు మామూలుగా చూసే డీఎన్ఏ గుర్తు ఒక్కటే చాలదు, కనీసం ఇంకో రెండు జన్యువులు చదవాలి.

మన దేశంలో ఈ ప్యాకెట్లు 1968 క్రిమిసంహారక మందుల చట్టం కింద రిజిస్టర్ కావాలి. గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ కణాలు ఉండాలన్నది నిబంధన. ఆ అంకె బతికి ఉన్నవి ఎన్నో చెబుతుంది, ఏ జాతివో చెప్పదు. జాతి తెలిసినా పూర్తి కాదు, ఎందుకంటే ఒకే జాతిలో ఒక స్ట్రెయిన్ (ఉపరకం) ఎండు తెగులును ఆపితే ఇంకొకటి ఆపకపోవచ్చు, ఒకటి మన మే నెల వేడికి తట్టుకుంటే ఇంకొకటి చచ్చిపోవచ్చు. అందుకే పెద్దక్షరాల్లో విరిడి అని వేయడం కన్నా స్ట్రెయిన్ నంబరు, అది ఏ కల్చర్ బ్యాంకులో ఉంది, డీఎన్ఏ ప్రకారం ఇవాళ దాని పేరేమిటి అన్నవి లేబుల్ మీద చదవగలిగేంత స్పష్టంగా ఉండాలని నా అభిప్రాయం. ఈలోగా కొనేవాళ్లు తయారీ తేదీ, గడువు తేదీ చూసుకోవాలి, ఎండలో పెట్టిన ప్యాకెట్ తీసుకోకూడదు, శిలీంధ్రనాశిని మందుతో కలిపి వాడకూడదు. లోపలిది ఏ జాతి అయినా బతికుంటేనే కదా పనిచేసేది.