ఏ అడవికి వెళ్దామని అడిగే పిల్లలకు

ప్రియమైన పిల్లలూ,

సెలవులు దగ్గర పడగానే "ఏ నేషనల్ పార్కుకు వెళ్దాం తాతయ్యా?" అని అడుగుతుంటారు కదా. పార్కు పేరు తర్వాత చూద్దాం. ముందు మీలో మీరు ఒక సంగతి తేల్చుకోండి: అక్కడ నడవాలనుందా, కొండ ఎక్కాలనుందా, జీపులో కూర్చొని జంతువులను చూడాలనుందా? ఇది తేలకుండా బయల్దేరితే నడుద్దామని వెళ్లినవాళ్లు జీపులో నలుగుతారు, పులి కోసం వెళ్లినవాళ్లు కాళ్లనొప్పులతో తిరిగొస్తారు.

నేషనల్ పార్కులను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ప్రకటిస్తారు. లోపల పశువులను మేపకూడదు, కట్టె కొట్టకూడదు. రాలిన నెమలి ఈక కూడా అక్కడే ఉండాలి. టైగర్ రిజర్వు సంగతి కొంచెం వేరు. అందులో నడుమనున్న భాగం కోర్, చుట్టూ ఉన్నది బఫర్. కోర్‌లో సఫారీకి వెళ్తే జీపు దిగనివ్వరు. కాబట్టి ట్రెక్కింగ్ కోసం పులుల అడవిని ఎంచుకోవద్దు.

మొదటి మెట్టు మన ఊళ్లోనే ఉంది. తెలంగాణలోని మూడు నేషనల్ పార్కులూ హైదరాబాద్ చుట్టుపక్కలే ఉన్నాయి. జూబ్లీహిల్స్‌లోని కేబీఆర్ పార్కు నడక సాధనకు సరైన చోటు. భుజాన బ్యాగు, అందులో మూడు కిలోల బరువు పెట్టుకొని వారానికి మూడు రోజులు గంటసేపు నడవండి. కొత్త బూట్లు కూడా అక్కడే తొడిగి అలవాటు చేసుకోండి. బూటు పాదానికి అలవాటు పడటానికి రెండు వారాలైనా పడుతుంది. ఆ రెండు వారాలు ఆగకుండా కొండెక్కితే మొదటి రోజే మడమ మీద బొబ్బ లేస్తుంది, ఇక మిగతా ప్రయాణమంతా ఆ బొబ్బ గొడవే. చిలుకూరు వైపు మృగవని ఉంది, అక్కడ చుక్కల దుప్పులు, కణుజులు కనిపిస్తాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వనస్థలిపురంలోని మహావీర్ హరిణ వనస్థలి. ఇది కృష్ణ జింకల చోటు. ఈ జింక దట్టమైన పొదల్లో దాక్కునే రకం కాదు. దూరం నుంచే శత్రువును చూసి పరుగెత్తి తప్పించుకుంటుంది, అందుకే పొట్టి గడ్డి ఉన్న మైదానాలను వదలదు. మగది నల్లగా, మెలితిరిగిన కొమ్ములతో ఉంటుంది. ఆడది లేత గోధుమ రంగు, కొమ్ములుండవు. అడవిలో చూడటమంటే ఏమిటో ఇక్కడే నేర్చుకోండి: తెల్ల చొక్కా వేసుకోకపోవడం, చెయ్యి ఊపి చూపించకపోవడం, ఒకే చోట పది నిమిషాలు కదలకుండా ఉండటం. బైనాక్యులర్స్ కొనేటట్లయితే 8×42 అని రాసి ఉన్నవి తీసుకోండి. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా కనిపిస్తుందో చెబుతుంది, రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. పది రెట్లవి గొప్పగా అనిపిస్తాయి గానీ పిల్లల చేతుల్లో బొమ్మ వణుకుతుంది.

ఇంకొంచెం దూరం పోదామంటే అమ్రాబాద్ టైగర్ రిజర్వు ఉంది. శ్రీశైలం రోడ్డు మీద మన్ననూరు చెక్‌పోస్టు హైదరాబాద్‌కు దాదాపు 140 కి.మీ. ఫరహాబాద్ వ్యూపాయింట్ నుంచి నల్లమల కనుచూపు మేర పరుచుకొని కనిపిస్తుంది. మల్లెల తీర్థం జలపాతానికి మెట్లు దిగి వెళ్లాలి. దిగడం సులువే, ఎక్కేటప్పుడే ఆయాసం, కాబట్టి నీళ్లలో సగం పైకి ఎక్కడానికి దాచుకోండి. వాన పడుతుంటే జలపాతం కింద నిలబడొద్దు. ఎగువన కురిసిన వాన మీకు కనిపించదు, నీళ్లు మాత్రం ఒక్కసారిగా పెరుగుతాయి. ఇక్కడ చాలామంది తప్పేది సమయం దగ్గర. అడవిలోంచి వెళ్లే రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను వదలరు. నగరం ట్రాఫిక్‌లో రెండు గంటలు పోయి, దారిలో భోజనానికి ఆగి, తీరా రాత్రి చెక్‌పోస్టు దగ్గర చిక్కుకుపోతారు. తెల్లవారకముందే ఇల్లు కదలండి. రోడ్డు పక్కన కోతులకు అరటిపళ్లు వేయొద్దు. తిండికి అలవాటు పడి రోడ్డెక్కి బండ్ల కింద పడతాయి.

పులిని చూడాలని గట్టిగా ఉంటే మహారాష్ట్రలోని తడోబా. 1955లోనే నేషనల్ పార్కు అయిన అడవి అది. హైదరాబాద్ నుంచి చంద్రాపూర్ దాకా రైల్లో వెళ్లి అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్లొచ్చు. ఏప్రిల్, మే నెలల్లో ఆకులు రాలి, నీళ్లు నాలుగైదు మడుగులకు పరిమితమవుతాయి కాబట్టి పులి కనిపించే అవకాశం ఎక్కువ. కానీ చంద్రాపూర్ ఎండ 45 డిగ్రీలు దాటే ఎండ. చిన్నపిల్లలున్న ఇంటికి ఆ నెలలు నేను చెప్పను. ఫిబ్రవరి చివరి వారాలు మేలు, బడికి రెండు రోజులు సెలవు దొరికితే. సంక్రాంతికి వెళ్తే చలి. తెల్లవారుజామున తెరిచిన జీపులో గాలి ముఖాన కొడుతుంది, స్వెట్టర్‌తో పాటు చెవులు కప్పే టోపీ తప్పనిసరి. వానాకాలంలో, జులై నుంచి సెప్టెంబర్ దాకా, కోర్ మూసేస్తారు. సీటు ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. బుకింగ్‌లో ఇచ్చిన పేరు, గుర్తింపు కార్డు మీది పేరు ఒక్కలాగే ఉండాలి, అసలు కార్డే చేతిలో ఉండాలి. గేటు పేరు రెండుసార్లు చూసుకోండి. మొహర్లీ గేటుకు టికెట్ తీసుకొని కొలారా దగ్గర గది తీసుకుంటే పొద్దున్నే సఫారీ తప్పిపోతుంది.

నడకే కావాలంటే కర్ణాటకలోని కుద్రేముఖ్ మంచిది. శిఖరం ఎత్తు 1,890 మీటర్లు దాటుతుంది. రానూపోనూ దాదాపు 20 కి.మీ. నడక. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. దసరా సెలవుల్లో గడ్డి పచ్చగా ఉంటుంది, జలగలూ ఉంటాయి. ప్యాంటు అంచును సాక్సులోకి దోపుకోండి. పట్టిన జలగను లాగకుండా గోటితో పక్కకు నెట్టి తీయండి.

ఉత్తరాఖండ్‌లోని వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్ ఫొటోలు చూసి మనసు పారేసుకుంటారు, అందులో మీ తప్పేం లేదు. కానీ అక్కడ పూలు జులై మధ్య నుంచి ఆగస్టు మధ్య దాకా. అప్పుడు మీకు బళ్లు, అక్కడ వానలు, కొండచరియలు విరిగి రోడ్లు మూసుకుపోవడం. మీకు వేసవి సెలవులున్న జూన్ మొదటి వారంలో వెళ్తే మంచు, వాగులు ఉంటాయి, పూలు కొద్దిగానే. అది తెలిసి వెళ్తే నిరాశ ఉండదు. లోయలో రాత్రి ఉండనివ్వరు, ఘంగారియాలో పడుకోవాలి. అది దాదాపు 3,050 మీటర్ల ఎత్తు, మన హైదరాబాద్ 540. మొదటి రోజు లోయ చూసి, 4,300 మీటర్లు దాటిన ఎత్తులో సిక్కుల గురుద్వారా ఉన్న హేమకుండ్‌ను మరుసటి రోజుకు పెట్టుకోండి. తలనొప్పి, వాంతి వస్తే ఇంకా పైకి ఎక్కకూడదు. తగ్గకపోతే కిందికి దిగడమే మందు. ఈ ప్రయాణానికి ముందు అనంతగిరి గుట్టల్లో, భువనగిరి కొండ మీద కాళ్లను అలవాటు చేసుకోండి. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మలావత్ పూర్ణ తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ భువనగిరి రాతి మీదే.

బ్యాగు గురించి రెండు మాటలు. పూట నడకకు మనిషికి రెండు లీటర్ల నీళ్లు, ఎండాకాలమైతే మూడు. ఓఆర్‌ఎస్ పెద్ద ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలో కలపాలి. గ్లాసులో చిక్కగా కలిపితే మేలు కన్నా కీడే ఎక్కువ. పాము కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడుతో బిగించి కట్టొద్దు. కరిచిన కాలు కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విషానికి విరుగుడు మందున్న ఆసుపత్రికి తీసుకెళ్లాలి. అడవిలో చాలాచోట్ల ఫోన్ పనిచేయదు కాబట్టి బండి నంబరు, గేటు పేరు, తిరిగొచ్చే సమయం కాగితం మీద రాసి ఇంట్లో పెట్టి వెళ్లండి.

జవాబు రాసేటప్పుడు ఈ నాలుగూ తప్పక రాయండి: ఎన్ని రోజులు, ఏ నెల, ఎవరెవరు వస్తున్నారు, అందరిలో చిన్నవాళ్లు ఆగకుండా ఎంత దూరం నడవగలరు. అవి చూశాకే బుకింగ్ చేద్దాం.

ఆశీస్సులతో,
మీ తాతయ్య,
హైదరాబాద్