గుజ్జుకి నెత్తురు అందదు

"మా లాబ్రడార్‌కి 11 ఏళ్లు. పడుకుని లేచేటప్పుడు తెగ అవస్థ పడుతుంది, పది అడుగులు వేశాక మామూలైపోతుంది. రోజూ గ్లూకోసమైన్ బిళ్ల వేస్తున్నాం. అరిగిన గుజ్జు మళ్లీ వస్తుందా?" అని ఒక పాఠకురాలు అడిగారు.

రాదండీ. కానీ రోజూ తిండిలో కలపదగిన వాటిలో నొప్పి తగ్గించేది ఒకటుంది, అది ఈ బిళ్ల కాదు. ఎందుకో తెలియాలంటే ముందు గుజ్జు ఎలా తింటుందో చూడాలి. శరీరం గురించి నేను చదివిన వాటిలో నాకు దీన్ని మించిన ముచ్చట లేదు.

బడిలో బంతిగిన్నె కీలు, మడతబందు కీలు అని పేర్లు బట్టీ పట్టిస్తారు. ఏ కీలు ఎటు తిరుగుతుందో పిల్లలకి తెలుస్తుంది. ఎముకల చివర నున్నగా మెరిసే మృదులాస్థి, అంటే మనం గుజ్జు అనేది, ఎలా బతుకుతుందో మాత్రం చెప్పరు. ఎదిగిన కుక్కలో అయినా మనిషిలో అయినా దానికి రక్తనాళాలు లేవు, నరాలూ లేవు.

అది స్పాంజి. దాని బరువులో 65 నుంచి 80 శాతం నీళ్లే. ఆ నీళ్లను పట్టి ఉంచేది అగ్రికాన్ అనే అణువు. సీసాలు కడిగే బ్రష్‌ని ఊహించుకోండి: మధ్యలో ప్రోటీన్ కాడ, చుట్టూ 100 దాకా కాండ్రాయిటిన్ సల్ఫేట్ పోగులు. ప్రతి పోగు నిండా రుణావేశాలు. అవి ఒకదాన్నొకటి తోసుకుంటాయి, సోడియం అయాన్లను లాగుతాయి, సోడియం వెంట నీళ్లు వస్తాయి. స్పాంజి ఉబ్బాలని చూస్తుంది, కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల వల దాన్ని ఉబ్బనివ్వకుండా బిగించి పట్టుకుంటుంది. కుక్క కాలు మోపగానే బరువుకి నీళ్లు పిండుకుని కీలు సందులోకి వస్తాయి. కాలు ఎత్తగానే ఆవేశాలు వాటిని వెనక్కి లాక్కుంటాయి. గ్లూకోజు లాంటి చిన్న అణువులు చాలావరకు వాటంతటవే వ్యాపిస్తాయి, పెద్దవాటికి ఈ పిండుడు బాగా సాయం చేస్తుంది. అంటే ప్రతి అడుగూ గుజ్జుకి ఒక ముద్ద. కదలని కీలు పస్తున్నట్టే. కాలికి వారాల తరబడి కట్టు వేసి ఉంచిన కుక్కల్లో గుజ్జు పలచబడటం పరిశోధకులు చూశారు. కాబట్టి ముసలిదైపోయిందని మీ కుక్కని నడిపించడం మానకండి. ఒక్కసారే దూరం తీసుకెళ్లకుండా, రోజుకి మూడు నాలుగు సార్లు కొంచెం కొంచెం నడిపించండి.

కీళ్లవాతంలో వల తెగుతుంది. ఎమ్ఎమ్‌పీ-13 అనే ఎంజైము కొల్లాజెన్‌ని కోస్తుంది, అడామ్‌టీఎస్-4, 5 అనేవి అగ్రికాన్‌ని కోస్తాయి. వల వదులైన స్పాంజి మొదట నీళ్లు ఎక్కువ తాగి మెత్తబడుతుంది, తర్వాత బ్రష్ పోగులు కొట్టుకుపోతాయి. మనుషుల గుజ్జులో కొల్లాజెన్‌లో సగం పోయి కొత్తది రావడానికి 100 ఏళ్లకు పైనే పడుతుందని అంచనా. తిరిగి రాదన్నది అందుకే.

పోయేది కాండ్రాయిటిన్ కాబట్టి కాండ్రాయిటినే తినిపిద్దాం అనిపించడం సహజం. ఏ భాగం తింటే ఆ భాగానికి బలం అనే పాత నమ్మకం ఇలా బిళ్ల రూపంలో ఇంకా బతికే ఉంది. నిజానికి దానికి ముడిసరుకైన గ్లూకోసమైన్‌ని కణాలు గ్లూకోజు నుంచి సొంతంగా చేసుకుంటాయి. గోడ కూలుతున్నది ఇటుకలు లేక కాదు, కూలగొట్టేవాళ్లు ఎక్కువై, కట్టేవాళ్లు తక్కువై. 2006లో 1,583 మంది మనుషుల మీద జరిగిన పెద్ద పరీక్షలో మొత్తం మీద ఈ బిళ్లలు ఉత్తుత్తి మాత్ర కన్నా మెరుగ్గా పనిచేయలేదు. కుక్కలు, పిల్లుల మీద జరిగిన పరీక్షలన్నిటినీ 2022లో కలిపి చూసినప్పుడూ అంతే. ఆ సమీక్షలో నిలబడింది చేప నూనెలో ఉండే ఒమెగా-3 కొవ్వు ఆమ్లాలు.

గుజ్జుకి నరాలు లేకపోతే నొప్పి ఎక్కడిది? కీలు చుట్టూ ఉన్న పొరది, గుజ్జు కింది ఎముకది. ఆ పొరకి నెత్తురు దండిగా అందుతుంది. నోట్లో వేసింది అక్కడికి చేరగలదు. ఆ ఒమెగా-3ల్లో ఒకటైన ఈపీఏకి 20 కార్బన్లు, 5 ద్విబంధాలు. నొప్పికి ముడిసరుకైన అరకిడోనిక్ ఆమ్లానికి 20 కార్బన్లు, 4 ద్విబంధాలు. ఒక్క బంధమే తేడా కాబట్టి ఈపీఏ ఒక్కో కణం చుట్టూ ఉండే పొరలో దాని చోట కూర్చుంటుంది. అప్పుడు సైక్లోఆక్సిజనేజ్ ఎంజైము వాపు పెంచే పీజీఈ2 బదులు అంత ఘాటు లేని పీజీఈ3 చేస్తుంది. పొరల్లో ఈ మార్పు రావడానికి వారాలు పడుతుంది, పది రోజులకే ఆపేస్తే తెలియదు. అవిసె నూనె దీనికి సరిపోదు, అందులోని ఒమెగా-3ని కుక్కల శరీరం ఈపీఏగా మార్చుకునేది చాలా తక్కువ. కాడ్ లివర్ ఆయిల్ వేరే సరుకు, మోతాదు మించితే విటమిన్ ఎ, డి విషమవుతాయి. ఎంత పోయాలో బరువు చూసి పశువైద్యులే చెప్పాలి. ఇంట్లో ఉన్న ఐబూప్రోఫెన్, పారాసిటమాల్ మాత్రం దయచేసి వేయకండి, కుక్క ప్రాణానికే ముప్పు.

నూనె కూడా తిండే. ఒక టీస్పూన్‌లో 40 కేలరీలు ఉంటాయి. 10 కిలోల ముసలి కుక్కకి రోజు మొత్తానికి కావలసింది 500 దరిదాపుల్లోనే. పోసినంత మేర గిన్నెలో తగ్గించాలి, ఎందుకంటే బరువును మించిన శత్రువు కీళ్లకి లేదు. 1987లో 48 లాబ్రడార్ పిల్లలను జతలుగా తీసుకుని, ప్రతి జతలో ఒకదానికి జీవితాంతం 25 శాతం తక్కువ పెట్టారు. కడుపునిండా తిన్నవాటి మధ్యగత ఆయుష్షు 11.2 ఏళ్లు, తక్కువ తిన్నవాటిది 13. కీళ్లవాతానికి వైద్యం కావలసి రావడం కూడా వీటిలో బాగా ఆలస్యమైంది.

ఇంకొక చిక్కుంది. ఉత్తుత్తి మాత్ర వేసిన 58 కుక్కల లెక్కలను 2012లో పరిశీలించారు. నడుస్తూ కాలు ఎంత బరువు మోపుతుందో కొలిచే ఫోర్స్ ప్లేట్‌తో పోల్చితే, పెంచుకునేవాళ్ల అంచనాలు సగానికి మించి మంచివైపుకే తప్పాయి. ప్రేమ ఉన్నచోట కళ్లు మంచినే వెతుక్కుంటాయి. అందుకని నూనె మొదలుపెట్టకముందే మీ లాబ్రడార్ లేవడం ఫోన్‌లో తీసి పెట్టుకోండి. తల కిందికి దించి, బరువంతా ముందు కాళ్ల మీదికి తోసి, వెనక భాగాన్ని ఎంతసేపటికి లేపుతుందో అందులో కనిపించాలి. 8 వారాల తర్వాత అదే చోట, అదే వేళకి మళ్లీ తీయండి. ఏది ముందుదో చెప్పకుండా రెండు వీడియోలూ ఇంట్లో ఇంకొకరికి చూపించి, ఏ రోజు సులువుగా లేచిందో అడగండి.